మగువ “పొలుపు”: అందమా, జాడా?

కథల బడి: వాసనతో పాత్రను ప్రవేశపెట్టడం మీద పాఠం రాస్తున్నాను. మనుచరిత్రలో హిమాలయం మీద దారి వెతుక్కుంటున్న ప్రవరుడికి, వరూధిని కనబడక ముందే, కస్తూరి, కర్పూరం కలిసిన ఆమె తాంబూలపు వాసన గాలిలో సోకుతుంది. ఆ చోట పెద్దన కందం ఆఖరి పాదం “మగువ పొలుపుఁ దెలుపు నొక్క మారుత మొలసెన్” కదా? నోటికేమో “సొలపుఁ దెలుపు” (సొలపంటే మైమరపు) అనే వస్తోంది. ఏది సరి?

కందప్రియ: పొలుపే. ఛందస్సు తేల్చదు, రెండూ మూడేసి లఘువులు. యతి మగువకీ మారుతానికీ. అర్థం చూడండి. వరూధిని ఇంకా ప్రవరుణ్ణి చూడనే లేదు, సొలపెక్కడిది?

శబ్దార్థి: పొలుపు సరే, అందం అంటే మాత్రం ఒప్పుకోను. గాలికి అందమెలా తెలుస్తుంది? తర్వాతి పద్యంలో “జనాన్విత మిచ్చోటు” అనుకునే కదా వెళ్ళాడు. కనుక జాడ.

కందప్రియ: అతనికి తెలిసింది జనం ఉన్నారని. మగువ అన్నది కవి మనకిచ్చిన సూచన. అలాంటి తాంబూలం వేసుకునేది ఎంత సొగసరో అని మనం ఊహించాలి. అందమే.

వీటిక: మీరిద్దరూ పద్యంలోని అసలు మాట వదిలేశారు: వీటీ, అంటే తాంబూలం. హిమాలయం కస్తూరి మృగాలు తిరిగే చోటు. ఒట్టి కస్తూరి సోకితే ఏ మృగమో అనుకోవచ్చు. కర్పూరం, తాంబూలం కలిసేసరికి నమిలే నోరొకటి దగ్గర్లో ఉందని రూఢి అయింది. “కమ్మని పరిమళం వచ్చింది” అని రాసేవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. దేని వాసనో, దేంతో కలిసిందో చెప్పకపోతే పాఠకుడు పసిగట్టడానికేముంది?

కథల బడి: నాకు కావలసింది ఇదే. ముందు వాసన, తర్వాత ఊహ, నడక; ఆపైనే “విద్యుల్లతా విగ్రహన్”, మెరుపుతీగ లాంటి మేను. రూపం ముందే చూపిస్తే వాసనకు పనిలేదు.

కందప్రియ: “స్థగితేతర పరిమళమై” కూడా పాఠంలో పెట్టండి. ఒక్క వాసన తక్కినవాటిని కప్పేసింది. ఒకే పేరాలో అయిదు ఇంద్రియాలనూ కుక్కితే ఏదీ నిలవదు. ఈ కందంలో రంగు లేదు, చప్పుడు లేదు. చెవికి విందు అంతకుముందు హిమాలయాన్ని వర్ణించిన “అటఁజని కాంచె” పద్యంలోనే అయిపోయింది. “అభంగ తరంగ మృదంగ” అంటుంటే దరువు వినిపిస్తుంది. చప్పుడైందని వేరే చెప్పక్కర్లేదు. పెద్దనకే చెల్లింది!

శబ్దార్థి: మరి “ద్విగుణిత ఘనసార” సంగతి? కస్తూరికి రెండింతల కర్పూరం. తాంబూలం కూర్పు తెలిసినవాడి కొలత అది.

కందప్రియ: కొలత కాదు. “సౌరభ విభవ ద్విగుణిత” అన్నాడు. కస్తూరి తోడై కర్పూరపు ఘాటు రెట్టింపయింది, తూకం కాదు.

శబ్దార్థి: సాంద్రం (చిక్కనిది) అని వేరే ఉందిగా, ఘాటు అక్కడే వచ్చేసింది. ద్విగుణితం తూకమే.