అప్‌డేట్: 29 ఏళ్లకు యోయో మొదలుపెట్టవచ్చా అని అడిగాను కదా

నాలుగు నెలల క్రితం, ఈ వయసులో యోయోను పట్టుదలగా సాధన చేయవచ్చా, బెంగళూరులో తోడు దొరుకుతుందా అని అడిగాను. లాగగానే చేతికి వచ్చే బొమ్మ యోయో పక్కన పెట్టి బేరింగ్ ఉన్నది కొనమన్నారు, ముందు బైండ్, అంటే దాన్ని తిరిగి చేతికి రప్పించే పద్ధతి, నేర్చుకోమన్నారు. అలాగే చేశాను.

బైండ్‌కే 11 రోజులు పట్టింది. ఈ యోయో ఎంత లాగినా పైకి రాదు, దారం చివర తిరుగుతూనే ఉంటుంది. దారాన్ని మడతగా చేసి యోయో రెండు సగాల మధ్య సందులోకి అందించాలి. ఆ మడత ఇరుక్కుని పట్టు దొరకగానే, రివ్వున అరచేతిలోకి వచ్చి వాలుతుంది. మొదటిసారి వచ్చినప్పుడు అర్ధరాత్రి దాటింది. అమ్మను లేపి మరీ చూపించాను.

ఆ ఆదివారం కబ్బన్ పార్కులో, ఎర్ర లైబ్రరీ భవనం దగ్గర ఒక్కడినే ఆడుతుంటే హిందూపురం అబ్బాయి ఒకడు ఆగాడు. "అన్నా, దారం మెలిపడింది, అందుకే మడత వంకరపోతోంది" అంటూ యోయోను కిందికి వేలాడదీసి, మెలి విడిపోయేదాకా ఓపిగ్గా చూశాడు. తర్వాత దారాన్ని నా బొడ్డు ఎత్తుకు కొలిచి, మిగిలింది కత్తిరించి, కొత్త ముడి వేసి ఇచ్చాడు. నా కోసం ఎవరైనా అంత శ్రద్ధగా ముడి వేసి ఎన్నేళ్లయిందో!

ఇప్పుడు మేం నలుగురం. మాలో ఒక తమిళ అక్క 5ఎ ఆడుతుంది, అంటే దారం రెండో కొన వేలికి కాకుండా చిన్న బరువుకు కట్టి ఉంటుంది. ఆవిడ చేతులు చూస్తుంటే పూట గడిచిపోతుంది.

ప్రపంచ పోటీల ఫైనల్లో ఒక్కొక్కరు 3 నిమిషాలు ఆడతారు. నేను 1 నిమిషం ప్రదర్శన కూర్చుకుంటున్నాను. 40 సెకన్ల వరకు వచ్చింది.