సాయణభాష్యంలో కాంతివేగం, చాలీసాలో సూర్యుడి దూరం: లెక్క ఎక్కడ తేడా కొడుతోంది?

అనుమానపక్షి:

రథసప్తమి దగ్గరపడితే చాలు, గ్రూపుల్లో రెండు మెసేజీలు తిరగడం మొదలవుతుంది. ఒకటి, ఋగ్వేదం 1.50.4కి సాయణుడు రాసిన భాష్యంలో కాంతివేగం ఉందని, లెక్క కడితే సెకనుకు 1,85,794 మైళ్ళు వస్తుందని. రెండోది, హనుమాన్ చాలీసాలో ‘యుగ సహస్ర యోజన పర భానూ’ అన్న చోట సూర్యుడి దూరం 9 కోట్ల 60 లక్షల మైళ్ళని చెప్పేశారని. కాలిక్యులేటర్‌లో కొట్టి చూస్తే గుణకారాలు నిజంగానే సరిపోతున్నాయి.

నేను నాస్తికుణ్ణి. అయినా ‘అంతా కాకతాళీయం’ అనేస్తే అది జవాబు కాదు, తప్పించుకోవడం. గుణకారం సరైనదైతే తప్పు ఎక్కడుంది? శ్లోకంలోనా, కొలతల్లోనా, అర్థం చెప్పడంలోనా? సంస్కృతం వచ్చినవాళ్ళు, లెక్కలు వచ్చినవాళ్ళు చెప్పండి. ‘మతం మత్తుమందు’ తరహా జవాబులు మాత్రం వద్దు, అవి చాలా చదివాం.

ఎక్కాలపుస్తకం:

తప్పు కొలతల్లో ఉందండీ, కొంత అర్థంలోనూ ఉంది. ముందు శ్లోకం చూడండి.

అసలు ఋక్కులో ఏ సంఖ్యా లేదు. ‘తరణిర్విశ్వదర్శతో జ్యోతిష్కృదసి సూర్య’ అని సూర్యుణ్ణి పొగడటమే. సంఖ్య ఉన్నది సాయణుడు ‘తథా చ స్మర్యతే’ అంటూ ఎత్తిచూపిన వేరే శ్లోకంలో: ‘యోజనానాం సహస్రే ద్వే ద్వే శతే ద్వే చ యోజనే, ఏకేన నిమిషార్ధేన క్రమమాణ నమోఽస్తు తే’. అర నిమిషంలో 2,202 యోజనాలు నడిచేవాడా, నీకు నమస్కారం అని. ఇక్కడ నిమిషమంటే మన అరవై సెకన్లు కాదు, రెప్పపాటు. ‘క్రమమాణ’ అనేది సంబోధన, ఆ పిలుపు సూర్యుడికి. నడుస్తున్నది సూర్యుడే. కాంతి, కిరణం, వెలుగు అన్న మాట ఆ శ్లోకంలో ఎక్కడా లేదు. 14వ శతాబ్దంలో విజయనగరంలో రాసిన ఈ భాష్యాన్ని శతాబ్దాల పాటు పండితులు చదివారు, పాఠం చెప్పారు. ఇది కాంతి గురించి అని చెప్పింది మాత్రం, కాంతివేగం ఎంతో ప్రపంచానికి తెలిశాకే. ఖగోళవేత్త రోమర్ బృహస్పతి చందమామ గ్రహణాలు చూసి కాంతికి పరిమితవేగం ఉందని తేల్చింది 1676లో.

ఇక కొలతలు. మెసేజీలో వాడిన యోజనం 9 మైళ్ళు. ఇది అర్థశాస్త్రం లెక్క: అంగుళి (వేలి వెడల్పు) ముప్పావు ఇంచి చొప్పున 96 అంగుళులు ఒక ధనుస్సు, అంటే 6 అడుగులు. 8,000 ధనుస్సులు 48,000 అడుగులు, సుమారు 9 మైళ్ళు. నిమేషం (శ్లోకంలోని ఆ రెప్పపాటే) మాత్రం విష్ణుపురాణంలోది: 15 నిమేషాలు కాష్ఠ, 30 కాష్ఠలు కళ, 30 కళలు ముహూర్తం, 30 ముహూర్తాలు రోజు. రోజుకు 4,05,000 నిమేషాలు, ఒక్కోటి 0.2133 సెకను.

గమ్మత్తేమిటంటే, అర్థశాస్త్రంలో యోజనం చెప్పిన అధ్యాయం దేశకాలమానం. పేరులోనే కాలం ఉంది. అదే అధ్యాయంలో నిమేషం కూడా ఉంది: 5 నిమేషాలు కాష్ఠ, 30 కాష్ఠలు కళ, 40 కళలు నాడిక, 2 నాడికలు ముహూర్తం. రోజుకు 3,60,000 నిమేషాలు, ఒక్కోటి 0.24 సెకను. యోజనం తీసుకున్న పేజీలోనే నిమేషాన్నీ తీసుకుంటే వచ్చే వేగం సెకనుకు సుమారు 2,66,000 కిలోమీటర్లు. అసలుది 2,99,792. పదకొండు శాతం తేడా. అందుకే నిమేషం కోసం ఆ పుస్తకం మూసి ఇంకో పుస్తకం తెరిచారు.

తెరవడానికి పుస్తకాలు ఇంకా ఉన్నాయి. మనుస్మృతిలో 18 నిమేషాలు కాష్ఠ, రోజుకు 4,86,000. భాగవతం మూడో స్కంధంలో 3 నిమేషాలు క్షణం, 5 క్షణాలు కాష్ఠ, 15 కాష్ఠలు లఘువు, 15 లఘువులు నాడిక, రోజుకు 2,02,500. భాస్కరాచార్యుడి లెక్కలో రోజుకు 9,72,000. యోజనం తీరూ అంతే. భూమి వ్యాసం ఆర్యభటుడికి 1,050 యోజనాలు, సూర్యసిద్ధాంతమనే పాత ఖగోళగ్రంథానికి 1,600. నిజమైన వ్యాసం 12,742 కిలోమీటర్లను వాటితో భాగిస్తే యోజనం ఒకచోట 12.1 కిలోమీటర్లు, ఇంకోచోట 8 కంటే కొంచెం తక్కువ.

యోజనాలు మూడు, నిమేషాలు ఐదు, మొత్తం పదిహేను జతలు. కనిష్ఠం సుమారు 82,000 కిలోమీటర్లు, గరిష్ఠం 7 లక్షల 17 వేలు. ఇంత వెడల్పు వలలో 3 లక్షల చేప ఒకటి పడటంలో వింతేముంది?

లోకాయతుడు:

పైన లెక్క బాగా చెప్పారు. అదే సూక్తంలో ఇంకో నాలుగు అడుగులు ముందుకు వేయండి. 1.50.8లో సూర్యుడి రథాన్ని ఏడు ఆడగుర్రాలు లాగుతున్నాయి. 1.50.12లో, నా ఒంటి పచ్చదనాన్ని చిలకల మీద పెడదాం అని ప్రార్థన. కామెర్లు తగ్గడానికి వాటి రంగును పచ్చటి పిట్టలకు అప్పగించడం. నాలుగో ఋక్కులో భౌతికశాస్త్రం ఉందన్నవాళ్ళు పన్నెండో ఋక్కులో వైద్యశాస్త్రం ఉందని చిలకల్ని కొనరు. సరిపోయిన చోట శాస్త్రం, సరిపోని చోట కవిత్వం. ఈ కత్తెర ఎవరి చేతిలో ఉంది అన్నదే నాస్తికుడు అడగాల్సిన ప్రశ్న. (ఆ చిలకల ఊహ కవిత్వంగా నాకు చాలా ఇష్టం, అది వేరే సంగతి.)

చాలీసా సంగతి. యుగం అంటే 12,000, సహస్రం 1,000, యోజనం 8 మైళ్ళు; మూడూ గుణిస్తే 9.6 కోట్లు. ఆ 12,000 మనువు చెప్పిన చతుర్యుగం పొడవు, అదీ దివ్యసంవత్సరాల్లో. మానవ సంవత్సరాల్లో 43,20,000. సంవత్సరాలను మైళ్ళతో గుణిస్తే దూరం రాదు, సంవత్సరమైళ్ళు వస్తాయి. పైగా పాతలెక్కల పుస్తకాల్లో అంకెల బదులు మాటలు వాడే పద్ధతిలో యుగమంటే 4. మామూలు సంస్కృతంలో యుగమంటే జంట కూడా, అంటే 2. అప్పుడు సూర్యుడు 2,000 యోజనాలు, లేదా 4,000. ఇన్ని అర్థాల్లో 12,000నే ఎందుకు పట్టుకున్నారో వేరే చెప్పాలా?

వాల్మీకినే అడుగుదాం. కిష్కింధాకాండ చివర జాంబవంతుడు హనుమంతుడికి ఆయన చిన్ననాటి కథే చెబుతాడు. పండు అనుకుని సూర్యుడి వైపు ఎగిరి 300 యోజనాలు పోయావు అంటాడు. 8 మైళ్ళ చొప్పున 2,400 మైళ్ళు, అంటే భూమి వ్యాసార్ధంలో మూడింట రెండు వంతులు కూడా కాదు. సముద్రం 100 యోజనాలు, అంటే 1,287 కిలోమీటర్లు. లంక శ్రీలంకే అనుకుంటే ధనుష్కోడి నుంచి తలైమన్నార్‌కు సుమారు 30 కిలోమీటర్లే.

ఇది హిందువుల జబ్బు మాత్రమే అనుకోకండి. ఖురాన్ 32:5లో ‘మీరు లెక్కపెట్టే వెయ్యేళ్ళంత ఒక రోజు’ అని ఉంది. వెయ్యేళ్ళకు 12,000 చాంద్రమాసాలు, చంద్రుడు అన్నిసార్లు తిరిగే దూరాన్ని ఒక నాక్షత్రదినం సెకన్లతో (86,164) భాగిస్తే కాంతివేగం అంటారు. అలా భాగిస్తే వచ్చేది 3,36,000 పైచిలుకు. దాన్ని కిందికి లాగడానికి సుమారు 27 డిగ్రీల కొసైన్ 0.8916తో గుణిస్తారు. సూర్యుడి ప్రభావం తీసేస్తున్నాం అని వివరణ. ఆయతులో కొసైన్ లేదు. 70:4లో రోజు 50,000 ఏళ్ళంత. అది పెడితే జవాబు యాభై రెట్లు పెరుగుతుంది. అందుకే ఆ ఆయతును ఈ లెక్కలోకి రానివ్వరు.

పంచాంగం సిద్ధాంతి:

నేను ఆస్తికుణ్ణే. అయినా పై ఇద్దరూ చెప్పిన అంకెల్లో నాకు అభ్యంతరం లేదు. రెండు మాటలు చేర్చాలి.

ఒకటి, సాయణుణ్ణి మోసగాడనకండి. ఆయన స్తోత్రాన్ని స్తోత్రంగానే ఉదహరించాడు. ‘ద్వే, ద్వే, ద్వే’ అని రెండు వేలు, రెండు వందలు, రెండు అనడం చెవికి ఇంపుగా ఉండే సంఖ్య; కొలిచి రాసిన సంఖ్య కాదు. పురాణాల్లో సూర్యరథం వేగం చెప్పడం మామూలే. భాగవతం ఐదో స్కంధం 21వ అధ్యాయం చూడండి. సూర్యుడి దారి 9 కోట్ల 51 లక్షల యోజనాలు, రథం ముహూర్తానికి 34 లక్షల 800 యోజనాలు పోతుంది. దాన్ని 30 ముహూర్తాలతో గుణిస్తే 10 కోట్ల 20 లక్షల 24 వేలు. ఒకే అధ్యాయంలో రెండు లెక్కలు కలవవు. అదే చోట క్షణానికి 2,000 యోజనాల రెండు క్రోసులు అని ఇంకో వేగం ఉంది. మూడో స్కంధంలోని క్షణంతో కడితే రోజుకు 13 కోట్ల 50 లక్షలు. తరవాతి అధ్యాయంలో చంద్రుడు సూర్యకిరణాలకు పైన లక్ష యోజనాల ఎత్తున ఉంటాడు. చంద్రుడు సూర్యుడికి అవతల ఉంటే సూర్యగ్రహణమే పట్టదు.

రెండోది నాస్తిక మిత్రులకు. పురాణమూ సిద్ధాంతమూ (గ్రహాల లెక్కలు కట్టే గ్రంథం) ఒకే గాటన కట్టకండి. సూర్యసిద్ధాంతంలో చంద్రుడే అందరికంటే దగ్గర. చంద్రకక్ష్య చుట్టుకొలత 3,24,000 యోజనాలు, వ్యాసార్ధం 51,566. ఆ గ్రంథం యోజనంతోనే కడితే సుమారు 4,10,000 కిలోమీటర్లు. అసలుది 3,84,400. ఏడు శాతం లోపు తేడా! సూర్యుడి దగ్గరికొచ్చేసరికి మాత్రం దెబ్బతింది. కక్ష్య 43,31,500 యోజనాలు, దూరం దాదాపు 55 లక్షల కిలోమీటర్లు. అసలుది 14 కోట్ల 96 లక్షలు, ఇరవై ఏడు రెట్లు.

కారణం కూడా స్పష్టమే. గ్రహాలన్నీ రోజుకు ఒకే దూరం, సుమారు 11,858 యోజనాలు నడుస్తాయని ఊహించారు. అప్పుడు కాలం ఎన్ని రెట్లో దూరం అన్ని రెట్లు అవుతుంది: 365.26ను 27.32తో భాగిస్తే 13.37. నిజానికి సూర్యుడు చంద్రుడి కంటే 389 రెట్ల దూరం. ఆ ఊహ వల్లే సూర్యుడి లంబనం (చూసే చోటు మారితే కనిపించే కోణపు తేడా) దాదాపు 4 కళలు వచ్చింది, అసలుది 8.8 వికళలు (ఇక్కడ కళ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, వికళ అందులో అరవయ్యో వంతు). కంటితో కొలవడానికి అందని కోణం.

తప్పే, కానీ ఎలా తప్పారో గ్రంథంలోనే కనిపిస్తుంది, దిద్దుకోవచ్చు. 8వ శతాబ్దంలో ఖగోళ పండితుడు లల్లుడు మిథ్యాజ్ఞానం అని ఒక అధ్యాయమే పెట్టి, గ్రహణానికి రాహువు కారణమన్న మాటను ఖండించాడు. ఆయన నాస్తికుడు కాదు.

లోకాయతుడు:

ఒప్పుకుంటున్నాను సిద్ధాంతిగారూ, ఒక్క సవరణతో. సూర్యసిద్ధాంతం కూడా తనని తాను కృతయుగం చివర సూర్యుడి అంశ మయుడికి చెప్పిన శాస్త్రంగానే పరిచయం చేసుకుంటుంది. దానికి విలువ వచ్చింది ఆ పీఠిక వల్ల కాదు, గ్రహణం చెప్పిన ఘడియకు పట్టడం వల్ల. పట్టకపోతే బీజసంస్కారం అనే దిద్దుబాటు చేసి అంకెలు మార్చారు. దేవుడి మాట అనుకుంటే మార్చే ధైర్యం ఎవరికి ఉంటుంది?

అనుమానపక్షి:

ఇద్దరికీ, సిద్ధాంతిగారికీ థాంక్స్. ఒక్క సందేహం మిగిలింది. ‘యోజనానికి ఇన్ని విలువలుంటే ఉండనీ, అసలు ఋషులు వాడింది 9 మైళ్ళదే, మిగతావి తరవాత చెడిపోయినవి’ అంటే ఏం చెప్పాలి?

ఎక్కాలపుస్తకం:

అలా అననివ్వండి. కాదనకండి, వాదించకండి. ‘సరే, 9 మైళ్ళు ఖాయం’ అని గ్రూపులో రాయించండి. ఇది ముందు జరగాలి, లెక్క తరవాత. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు; శ్లోకం, జవాబు రెండూ ఎదురుగా పెట్టుకుని కొలత గురించి కొట్లాడతారు, అప్పుడు కొలత జవాబు వైపే జారుతుంది.

రాయించాక అదే 9 మైళ్ళతో చాలీసా లెక్క మళ్ళీ కట్టమనండి. 10 కోట్ల 80 లక్షల మైళ్ళు వస్తుంది. సూర్యుడు సగటున 9 కోట్ల 30 లక్షల మైళ్ళ దూరంలో ఉంటాడు, అతి దూరంగా ఉన్నప్పుడు కూడా 9 కోట్ల 46 లక్షలు దాటడు. ‘అయ్యో, చాలీసాకు 8’ అంటారు. మంచిది, 8 పెట్టి సాయణుడి లెక్క కట్టమనండి. 2,66,000 కిలోమీటర్లకు దిగిపోతుంది. రెండు మెసేజీలూ ఒకే గ్రూపులో ఒకే రోజు వచ్చినా, ఒకే యోజనంతో రెండూ నిలబడవు.

నాకు తెలిసి ఇక్కడి దాకా వచ్చాక సంభాషణ ‘అన్నిటికీ లెక్కలేనా’ వైపు తిరుగుతుంది. అప్పుడు ఆపేయండి. లెక్క తెచ్చింది మీరు కాదు.