పాత టేకు వాకిలికి మోర్టిస్ తాళం కోయించాలా, వద్దా? (చిత్తూరు)

మిట్టూరు_మనవడు:
అందరికీ నమస్కారం. చిత్తూరు మిట్టూరులో మా తాత ఇల్లు బాగుచేయిస్తున్నాను. వెనక ఖాళీ స్థలంలో కొత్తగా మూడు గదులు వేస్తున్నాం. పాత ఇంటి తలవాకిలి రెండు రెక్కల టేకు తలుపు. లోపల ఇనుప గడియ, బయట ఇత్తడి గొలుసు. రాత్రి అవ్వ ఆ గడియ వేస్తే పక్కింటికి వినపడేది. అది పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

కాంట్రాక్టరు పాతవన్నీ పీకేసి, ముందు వాకిలికి కూడా కొత్త గదులకు పెట్టే మోర్టిస్ తాళమే (చెక్కను తొలిచి లోపల దింపేది) పెడదామంటున్నాడు. ఇల్లంతా గోల్డ్ ఫినిష్ ఒకేలా ఉంటుందట. వడ్రంగేమో ఈ చెక్క మీద ఉలి పెట్టనంటున్నాడు. ఎడమ రెక్క జారి గడపకు రాసుకుంటోంది, కింద చిత్రిక పట్టాలా? మేం తిరుపతిలో ఉంటాం, ఇంటికి గట్టి తాళం కావాలి. వచ్చే సోమవారం సామాను లిస్టు ఇవ్వాలి. ఏం రాయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

తలుపుల_లిస్టు:
మీ వడ్రంగి మాట వినండి. తిరుపతిలో కట్టే ఇళ్లకు తలుపుల హార్డ్‌వేర్ లిస్టులు రాయడమే నా పని. అందుకే కాస్త వివరంగా చెబుతున్నాను.

పాత పలకల తలుపులో నడుమ అడ్డపట్టె ఉంటుంది కదా. దాని కుసి, అంటే చివర సన్నగా చెక్కిన భాగం, నిలువు పట్టె లోపలికి దూరి, మేకుతో బిగిసి ఉంటుంది. రెక్క బరువును పట్టి ఉంచేది ఆ అతుకే. మనం తాళం పెట్టే ఎత్తు కూడా సరిగ్గా అక్కడికే వస్తుంది. మోర్టిస్ తాళం పెట్టె లోతు సుమారు 85 మిల్లీమీటర్లు. అంత గుంత తొలిస్తే కుసి తెగిపోతుంది. గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒక పాత ఇంటికి నేనే అలా రాసిచ్చాను. నవంబరు వానలు దాటేసరికి అడ్డపట్టె వదులై పలక కిందికి దిగింది. అది నా తప్పే. అప్పటి నుంచి టేపు పెట్టి కొలవకుండా పాత తలుపుకు తాళం రాయడం లేదు.

మీకు సరిపోయేది లోపలి వైపు చెక్క పైనే బిగించే నైట్ ల్యాచ్. బయటి తాళంచెవి కోసం ఒక గుండ్రటి రంధ్రం, సుమారు 32 మిల్లీమీటర్లు, అంతే. దాన్ని అడ్డపట్టెకు కాస్త పైన పెట్టిస్తే కుసికి ఏమీ కాదు. లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకునే రకమే తీసుకోండి, ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే అది చాలా ముఖ్యం. ఇంకో మాట. రెండు రెక్కల తలుపులో తాళం నాలుక వెళ్లి దిగేది రెండో రెక్కలోకి. ఆ రెక్కకు పైనా కిందా బోల్టులు గట్టిగా లేకపోతే ఎంత ఖరీదైన తాళమైనా ఒక్క తోపుకు ఊడుతుంది. కింది బోల్టు గడప రాతిలో కనీసం అంగుళం దిగాలి.

గడియ, గొలుసు అక్కడే ఉండనివ్వండి. గొలుసును బఫింగ్‌కు (మిషన్ పాలిష్‌కు) ఇవ్వకండి, ఇన్నేళ్లు చేతులు తగిలి నునుపెక్కిన పైపొర పోతుంది. చింతపండుతో తోమి వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడిస్తే చాలు. పులుపు దాని మీదే నిలవకూడదు.

చిత్రిక మాత్రం ఇప్పుడు వద్దు. ముందు పై బందు (కీలు) చూడండి.

ఉలి_సుత్తి:
అన్నా, అక్క చెప్పింది నిజం. ముందు ఆ తలుపు బందుల మీద తిరుగుతోందా, కింద రాతి గుంతలో తిరుగుతోందా చూడు. గుంతదైతే అడుగున చెక్క అరిగి రెక్క దిగుంటుంది, దాని రిపేరే వేరు. మా నాయన అలాంటివి చాలా చేశాడు. రెక్క మందం, నిలువు పట్టె వెడల్పు కూడా పెట్టు.

మిట్టూరు_మనవడు:
ఇప్పుడే కొలిచాను. ఇనుప బందులే. మందం 48 మిల్లీమీటర్లు, నిలువు పట్టె 95. పై బందులో రెండు స్క్రూలు చేత్తోనే ఊడొచ్చాయి.

తలుపుల_లిస్టు:
95లో 85 తొలిస్తే మిగిలేది 10 మిల్లీమీటర్ల చెక్క. ఈ లెక్క కాంట్రాక్టరుకు చూపించండి, వాదన అక్కర్లేదు.

రెక్క జారడానికి కారణం ఆ రెండు స్క్రూలే. పాత రంధ్రాల్లో అగ్గిపుల్లలు కుక్కనివ్వకండి. రంధ్రం శుభ్రం చేసి, టేకు మేకు జిగురుతో దించి, ఆరాక సన్న డ్రిల్లు వేసి స్క్రూ బిగించాలి. ఇత్తడి స్క్రూ వేస్తే, అది మెత్తన, నేరుగా తిప్పితే తల తెగుతుంది. అదే సైజు స్టీలు స్క్రూతో ముందు దారి చేసి, తీసేసి, అప్పుడు ఇత్తడిది వేయమనండి. రెక్క పైకి లేచాక కూడా రాసుకుంటే ఫిబ్రవరి దాకా ఆగండి. వానకు ఉబ్బిన చెక్కను ఇప్పుడు చెక్కితే ఎండలకు గడప దగ్గర సందు పడుతుంది. నైట్ ల్యాచ్ ప్యాకెట్ మీద తలుపు మందం ఎంతవరకో రాసి ఉంటుంది, 48కి సరిపోయేదే తీసుకోండి.

కొత్త గదుల సంగతికొస్తే, అక్కడ మోర్టిస్ నిశ్చింతగా పెట్టుకోండి. కానీ ‘తాళం 1, హ్యాండిల్ 1’ అని రాస్తే షాపులో ఏది ఉంటే అది వస్తుంది. ప్రతి తలుపుకు ఒక నంబరు ఇచ్చి సైజు, మందం, ఎటు తెరుచుకుంటుందో, ఎడమ చేతిదో కుడి చేతిదో రాయండి. ఏడడుగుల తలుపుకు మూడు బందులు, 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి. భారతీయ ప్రమాణం (ఐఎస్) నంబర్లు, ఈ స్టెయిన్‌లెస్ స్టీలు బందులకు ఐఎస్ 12817, టవర్ బోల్టులకు ఐఎస్ 204 అని కూడా రాయండి. సముద్రం పక్కన కడితే తుప్పును ఇంకా బాగా తట్టుకునే 316 రకం అడిగేదాన్ని, చిత్తూరుకు 304 చాలు. బాత్రూముకు బయటి నుంచి నాణెంతో తెరవగలిగే తాళం పెట్టండి, పిల్లలు లోపల గడియ వేసుకుంటే తలుపు పగలగొట్టక్కర్లేదు. తలుపులు చేయించాక తాళాలు కొనకండి, ముందే కొని వడ్రంగి చేతిలో పెట్టండి.

గోల్డ్ ఫినిష్ మీ ఇష్టం. పాత ఇత్తడి పక్కన అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, నేనైతే మ్యాట్ స్టీలు తీసుకుంటాను.

మిట్టూరు_మనవడు:
చాలా థ్యాంక్స్ అక్కా, తమ్ముడూ. వడ్రంగికి ఫోన్ చేశాను, రేపు పై బందు విప్పుతున్నాడు. గడియ ముట్టుకోవద్దని ముందే చెప్పేశాను.