వాహక దారంతో కుట్టిన సర్క్యూట్‌లో నీలం ఎల్‌ఈడీ ఎందుకు వెలగడం లేదు?

ప్రశ్న:
నూలు గుడ్డ మీద కరెంటు ప్రవహించే స్టీలు వాహక దారంతో ఒక ఎరుపు, ఒక నీలం ఎల్‌ఈడీని సమాంతరంగా కుట్టి, 3 వోల్టుల సీఆర్‌2032 బటన్ సెల్‌కు కలిపాను. ఎరుపు చక్కగా వెలుగుతున్నది, నీలం మాత్రం వెలగడం లేదు. ప్లస్, మైనస్ కాళ్లు సరిచూశాను. కారణం తెలియజేయగలరా?

జవాబు 1:
లోపం మీ కుట్టులో లేదండీ. ఎరుపు ఎల్‌ఈడీ దాదాపు 2 వోల్టులకే వెలుగుతుంది, నీలానికి సుమారు 3 వోల్టులు కావాలి. రెండింటినీ సమాంతరంగా కలిపినప్పుడు ఎరుపే కరెంటును లాగేసుకొని, ఆ చిన్న సెల్ వోల్టేజీని దించేయడం వల్ల నీలానికి చాలినంత అందదు. రెండూ ఒకే రంగువి వాడండి, లేదా ఎరుపు ఎల్‌ఈడీకి శ్రేణిలో, అంటే దాని కరెంటు దారిలోనే, కరెంటును తగ్గించే 100 ఓముల రెసిస్టర్ చేర్చండి.

జవాబు 2:
పై వివరణ సరైనదే. అయితే స్టీలు దారానికి రాగి తీగ కంటే నిరోధం చాలా ఎక్కువ కనుక, నీలం ఎల్‌ఈడీని సెల్‌కు దగ్గరగా కుట్టడం మేలు. కాళ్లను పట్టకారుతో ఉంగరాల్లా చుట్టి, వాటి చుట్టూ దారాన్ని మూడు నాలుగుసార్లు బిగించి కుట్టండి. ముడుల మీద గోళ్లరంగు చుక్క వేసి, ఆరాక మిగిలిన కొసలను కత్తిరించండి. గుడ్డ వెనుక ప్లస్, మైనస్ కొసలు తాకితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది.

ప్రశ్నించినవారు:
రెసిస్టర్ చేర్చగానే నీలం కూడా వెలిగింది, కాస్త మసకగానే. ఇద్దరికీ ధన్యవాదాలండీ.