మైనస్ 24 డిగ్రీల చలిలో బస్‌స్టాప్‌లో ఒంటరిగా ఉన్న పెద్దాయన: నేనేం చేసి ఉండాల్సింది?

నమస్కారం అండీ. చదువు కోసం అమెరికాలోని మినియాపోలిస్ వచ్చాను, ఇదే నా మొదటి చలికాలం. నిన్న రాత్రి మైనస్ 24 డిగ్రీలు, పైగా ఈదురుగాలి. బస్‌స్టాప్‌లో ఒక పెద్దాయన గ్లోవ్స్ లేకుండా కూర్చుని ఉన్నారు. పలకరిస్తే మాట ముద్దగా వచ్చింది. తాగారేమో అనుకుని, బస్సు రాగానే ఎక్కేశాను. ఇంటికొచ్చి చదివితే తెలిసింది, ఒళ్లు బాగా చల్లబడిపోయినా మాట అలాగే తడబడుతుందట, ఇంకా ముదిరితే వణుకు కూడా ఆగిపోతుందట. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు.

ఇక్కడ ఏళ్లుగా ఉంటున్నవాళ్లు చెప్పండి. ఆ మనిషి వద్దన్నా 911కి ఫోన్ చేయొచ్చా? అంబులెన్స్ బిల్లు ఆయన మీద పడుతుందేమోనని టెన్షన్. వాళ్లు వచ్చేలోపు నేనేం చేయాలి? గడ్డకట్టిన వేళ్లను రుద్దకూడదని మాత్రం తెలుసు. రేపు మళ్లీ అదే స్టాప్‌కి వెళ్తున్నాను, బ్యాగులో ఏమేం పెట్టుకోవాలి?