నియాస్ దీవిలో ఊరివాళ్ల ఇంట్లో ఉండి సర్ఫింగ్: ఎవరైనా వెళ్లొచ్చారా?

అంతర్వేది అబ్బాయి:
నమస్తే అండి. మాది అంతర్వేది పక్కన ఊరు. నాన్న వేటకెళ్తారు, సముద్రం నాకు కొత్త కాదు. రుషికొండలో సర్ఫింగ్ నేర్చుకున్నాను. బోర్డు మీద నిలబడతాను గానీ అల వెంట పక్కకి నడపడం ఇంకా సరిగ్గా రాలేదు. సుమత్రాకి పడమట ఉన్న నియాస్ దీవికి జూలైలో వెళ్దామనుకుంటున్నాను. రిసార్టులు వద్దు, ఊరివాళ్ల ఇంట్లోనే ఉండాలి. అమ్మకి తిండి గురించి టెన్షన్, నాకేమో అల గురించి. తెలిసినవాళ్లు చెప్పండి.

ఓడలరేవు:
తమ్ముడూ, ముందు మీ అమ్మగారి టెన్షన్ తీర్చేద్దాం. అన్నం, చేప, కొబ్బరి, పచ్చిమిరప. ఇంకేం కావాలి? పంది మాంసం మాత్రం పెళ్లికీ పండక్కీ తప్పదు. తినకపోతే మొదటిరోజే చెప్పెయ్, ఏమనుకోరు. అక్కడ ఎక్కువమంది ప్రొటెస్టెంట్ క్రైస్తవులు. ఆదివారం పొద్దున్న చర్చికి వెళ్తారు, టిఫిన్ కోసం తొందరపెట్టకు.

నేనున్నది సొరాకె బీచిలో. సుమత్రాలోని మెడాన్ నగరం నుంచి నియాస్‌లోని గునుంగ్‌సితోలికి చిన్న విమానం, అక్కణ్ణుంచి దక్షిణానికి కారులో మూడు గంటల పైమాటే. సుమత్రా తీరంలోని సిబోల్గా రేవు నుంచి రాత్రి ఓడ కూడా ఉంది. కుటుంబాలు నడిపే బస ఇళ్లని లోస్మెన్ అంటారు. గది అద్దె వింటే ఇంత చవకా అనిపిస్తుంది. భోజనం వాళ్ల దగ్గరే చేస్తామన్న లెక్క మీద చెప్పే అద్దె అది. బయట తినొచ్చి గది మాత్రం వాడుకుంటే మొహం మాడ్చుకుంటారు. నన్నడిగితే న్యాయమే.

నేనున్న బస ఇంటి యజమానురాలు బోర్డు ముట్టిన మనిషి కాదు. పొద్దున్నే మెట్టు మీద కూర్చుని కొబ్బరి కోరుతూ, చెయ్యి ఆపకుండా ఓసారి సముద్రం వంక చూసేది. తల అడ్డంగా ఊపిందా, ఆ పూట నేను దిగేవాణ్ణి కాదు. ఆవిడ కొడుకులు మాత్రం దిగేవారు, అతుకులేసిన విరిగిన బోర్డు మీద కూడా! వాళ్లని చూసి నువ్వు దూకకు.

జూలై నీకు వద్దు. మే నుంచి సెప్టెంబరు దాకా దక్షిణ హిందూ మహాసముద్రంలో లేచిన పెద్ద అలలు అక్కడ విరుగుతాయి. మన దగ్గర పడితే ఒండ్రు, ఇసుక. అక్కడ కింద పగడపు రాయి. 2005 మార్చి 28 భూకంపానికి ఆ రాతి నేల పైకి లేచింది. అప్పట్నుంచి అల ఇంకా నిటారుగా లేచి గొట్టంలా చుట్టుకుంటోంది. ఆరితేరినవాళ్లకి పండగ. నువ్వు సొరాకెని ఆనుకునే ఉన్న లగుండ్రి ఖాతం లోపలివైపు చిన్న అలలతో మొదలుపెట్టు. గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర పోటూ పాటూ చూసి పెరిగావు, నీళ్లు ఎటు లాగుతున్నాయో కనిపెట్టగలవు. ఆ మేరకు పట్నాల నుంచి వచ్చే మిగతా కొత్తవాళ్లకన్నా నయమే.

యానాం:
వీసా గొడవ ఎందుకండి? లిటిల్ అండమాన్ చూడండి. పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) నుంచి అక్కడి హట్ బేకి ఓడ ఉంది, బట్లర్ బేలో అలలు బాగుంటాయి. మార్చి మధ్య నుంచి మే మధ్య దాకా అనువు. అండమాన్‌లో తెలుగువాళ్లకి కొదవ లేదు. ఒంగే ఆదివాసుల రిజర్వ్ వైపు మాత్రం వెళ్లకూడదు.

ఓడలరేవు:
నిజమే, కానీ అక్కడ ఉప్పునీటి మొసళ్లున్నాయి. కాలువలు సముద్రంలో కలిసే చోట దిగే ముందు ఊరివాళ్లని అడగాల్సిందే.

సఖినేటిపల్లి నర్సు:
పగడం గీసుకుంటే చిన్న గాటే కదా అని వదిలేయకండి. లోపల ముక్కలు ఉండిపోయి చీము పడుతుంది. మంచినీళ్లు ధారగా పోసి బాగా కడిగి మందు రాయాలి. టీటీ ఇంజెక్షన్ వెళ్లే ముందే చేయించుకోండి. దోమతెర కూడా పట్టుకెళ్లండి, ఆ వైపు మలేరియా ఉంది.

అంతర్వేది అబ్బాయి:
థాంక్స్ అన్నా, థాంక్స్ అక్కా. జూలై మానేస్తాను. ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం కదా, 61 రోజులు నాన్న ఖాళీ. ఏప్రిల్ చివర్లో ఆయన్ని కూడా తీసుకెళ్తే ఏమైనా ఇబ్బందా?

ఓడలరేవు:
ఏం ఇబ్బంది? అప్పటికి అల కూడా ఇంకా కాస్త మెత్తగానే ఉంటుంది. ఊళ్లోవాళ్లు పక్కన కర్ర కట్టిన దోనెల మీద వేటకెళ్తారు, నాన్నగారికి నీకన్నా బాగా కాలక్షేపం అవుతుంది. మనకి వీసా దిగాక మెడాన్ విమానాశ్రయంలోనే ఇస్తారు, 30 రోజులకి. ఆయనకి పాస్‌పోర్టు ఉందా? లేకపోతే ఈ వారమే అప్లై చేయించు. ఉంటే గడువు చూడు, ఆరు నెలలు మిగిలి ఉండాలి.