అప్‌డేట్: కొత్తగా పోసిన మట్టిదిబ్బ మీద కోట ఎలా నిలిచింది?

11వ శతాబ్దంలో నార్మన్లు (ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ని గెలిచినవాళ్లు) అప్పటికప్పుడు మట్టిదిబ్బ పోసి దాని మీద కోట కట్టేవారు కదా, వానకి అది జారిపోదా అని కిందటి నెల అడిగాను. "బాయూ వస్త్రంలో హేస్టింగ్స్ దిబ్బ బొమ్మ చూడండి" అన్నవారికి నిజంగా రుణపడి ఉన్నాను. (ఆ గెలుపు కథని దారంతో బొమ్మలుగా కుట్టిన 11వ శతాబ్దపు పొడవాటి గుడ్డే బాయూ వస్త్రం; హేస్టింగ్స్ ఇంగ్లండ్‌లో ఓ ఊరు.)

బొమ్మని పెద్దది చేసి చూశాను. దిబ్బ అడ్డంగా రంగురంగుల పట్టీలుగా ఉంది. అంటే మట్టిని గుట్టగా పారబోయలేదు, పొర మీద పొర వేస్తూ పోయారు. పక్కనే ఇద్దరు కూలీలు పారలెత్తి కొట్టుకుంటున్నారు! ఆ కుట్టుపని చేసినవాళ్లు పని జరిగే చోటుని ఎంత బాగా ఎరుగుదురో.

మట్టి ఎక్కడిదన్నది తేలికే: చుట్టూ కందకం తవ్వితే వచ్చిందే దిబ్బయింది. పైన కర్ర బురుజు, చుట్టూ దుంగల దడి.

పోయిన ఆదివారం ఇంగ్లండ్‌లోని యార్క్ వెళ్లి, అక్కడ ఇలాంటి దిబ్బ మీదే ఉన్న క్లిఫర్డ్ టవర్ అనే బురుజు మెట్లెక్కాను. ఆ దిబ్బ 1068 నాటిది. 1069లో నార్మన్ల రాజు విలియం ఎనిమిది రోజులు యార్క్‌లోనే ఉండి రెండో కోట కూడా కట్టించాడని ఆ తర్వాతి తరం చరిత్రకారుడు ఆర్డెరిక్ విటాలిస్ రాశాడు. మొదటి దిబ్బ మీది కర్ర బురుజు 1190లో, యార్క్ యూదులు తమ మీద దాడికొచ్చిన మూకకి భయపడి అందులో తలదాచుకున్న ఘోరమైన రాత్రి, తగలబడింది. 13వ శతాబ్దంలో రాతి బురుజు కట్టారు. తర్వాతి శతాబ్దంలో దిబ్బ కుంగి అది బీటలు వారింది.

నా ప్రశ్నకి జవాబు అక్కడే దొరికింది. కర్ర తేలిక, దిబ్బ మోసింది. రాయి బరువుకే కుంగింది.